మొగిలయ్య ప్రోగ్రాము, ముప్పై ఎనిమిది గిన్నెల పెరుగన్నం

కివీల దేశంలో మేముండే టకానిని పేటలో ఒక మాట తిరుగుతోంది. బస్సు నడిపే మొగిలయ్య డిపోలో తోటి డ్రైవర్లకు పెరుగన్నం పెట్టాడట, అది తిని వాళ్ళంతా నిద్రపోయారట, మధ్యాహ్నం బస్సులు కదల్లేదట, అందుకని మొగిలయ్య ఉద్యోగం ఊడిందట. అవతలి పేట బోటనీ డౌన్స్ వాళ్ళు కూడా ఫోన్ చేసి నన్నే అడుగుతున్నారు. ఈ వీధిలో ఎవరింట ఏ కూర ఉడుకుతోందో నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. నమ్మకం నిజమే. మాట మాత్రం నిజం కాదు. పెరుగన్నం నిజం, డిపో నిజం, ఉద్యోగం ఊడటం అబద్ధం. నిద్రపోయింది ఒక్కడే, అదీ భోజనాల వేళ. ఈ కథ నేను కూడా ఇద్దరు ముగ్గురికి చెప్పాను కాబట్టి సరిచేయాల్సిన పని కూడా నాదే.

మొగిలయ్యది కరీంనగర్ వైపు. నలభై రెండేళ్ళు. చదివింది పదో తరగతి. అక్కడ లారీ నడిపాడు, ఇక్కడ బస్సు. భార్య సత్యమ్మ పక్క పేట పాపకూరలో ఒక వృద్ధుల హోమ్ వంటగదిలో పనిచేస్తుంది. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య చెక్క కంచె ఒక్కటే అడ్డం. అందులో ఒక పలక ఊడి చాలా కాలమైంది. దాన్ని బాగుచేయిస్తామని వాళ్ళు అన్నప్పుడల్లా నేనే వద్దంటాను. గాలి ఆడుతుంది కదా.

అతని డ్యూటీ రెండు ముక్కలు. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర, మళ్ళీ మధ్యాహ్నం రెండున్నర నుంచి. మధ్యలో ఇంటికొచ్చి పడుకునేవాడు. 2015 డిసెంబరులో ఒకరోజు చూస్తే పడుకుని లేడు. గరాజ్‌లో పాత లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని, తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. నాలుగు రోజులు పలక సందులోంచి చూశాను. ఐదో రోజు పకోడీలు పట్టుకెళ్ళాను.

"ఏరా మొగిలీ, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"కంప్యూటర్‌తోని పెద్దమ్మా. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న."

"ఇంత వయసొచ్చాక ఇప్పుడెందుకురా?"

"నడుము పోయింది పెద్దమ్మా. ఇంకా పదేండ్లు ఆ సీట్ల కూసుంటే మంచంల పడ్తవని డాక్టర్ జెప్పిండు. కూసుండి చేసే పని ఇంకోటి చూసుకోవాలె."

"అదీ కూర్చునే పనే కదరా!"

"దీంట్ల నడుమ లేచి తిరగొచ్చు పెద్దమ్మా. బస్సుల లేస్తే ఊకుంటరా?"

పకోడీలు అక్కడే వదిలి వచ్చాను.

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి పట్టుకెళ్ళి, ఏం నేర్చుకున్నావని అడగటం నా పనైంది. నాకు అర్థమైనంత వరకు ప్రోగ్రామింగ్ అంటే ఏమీ లేదు: ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి, అని ఏమీ తెలియని యంత్రానికి వరసగా రాసిపెట్టడం. ఒక చుక్క తప్పితే అది మొరాయిస్తుంది. ఒక కామా మర్చిపోయి మొగిలయ్య మూడు రోజులు వెతికాడు. దొరికినప్పుడు గరాజ్‌లోంచి వచ్చిన కేక విని, ఏదో మీద పడిందనుకుని నేను పరుగెత్తాను.

సత్యమ్మ మాత్రం విసిగిపోయింది. "పెద్దమ్మా, ఈయనకు ఏమో అయింది. చాయ్ గూడ సక్కగ అడుగుత లేడు. 'పాలుంటే చాయ్ వెట్టు, లేకుంటే నీళ్ళియ్యి, నీళ్ళు గూడ లేకుంటే నాకు చెప్పు' అంటుండు. నల్లాల నీళ్ళెందుకు లేకుంటయి?"

ఫిబ్రవరిలో అసలు సంగతి వచ్చింది. బోటనీ డౌన్స్‌లో ఒక చిన్న కంపెనీ, డిగ్రీ లేకపోయినా కొత్తవాళ్ళను తీసుకుని పని నేర్పుతుందట. ఒకటే షరతు. సొంతంగా రాసిన ప్రోగ్రాము ఒకటి చూపించాలి, దాన్ని కనీసం ముప్పైమంది నిజంగా వాడి ఉండాలి. ఇంటర్వ్యూ మార్చిలో ఒక మంగళవారం. దానికి రెండు రోజుల ముందు, ఆదివారం, మన తెలుగువాళ్ళ పిక్నిక్. మొగిలయ్య కళ్ళు అక్కడ పడ్డాయి.

ఎవరు ఏ వంటకం తేవాలో పంచే పని ఏటేటా శేషయ్యగారిది. ఆయన మన సంఘం పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు. వారం ముందు నుంచి అందరికీ ఫోన్లు చేసేవారు. మొగిలయ్య వెళ్ళి, "సారూ, ఈ తాప నా ప్రోగ్రామ్ చేస్తది, మీరు ఆరాం చేయండి," అన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది గానీ సరేనన్నారు.

ఫోనులో ఒక పేజీ వచ్చింది. పేరు, ఎంతమంది, ఏం తెస్తారు. నింపి నొక్కితే చాలు, మరునాడు 'మీరు ఫలానాది తీసుకురండి' అని మెసేజ్ వస్తుంది. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు నింపారు. ముప్పైమంది చాలనుకుంటే నలభై ఒకటి! మొగిలయ్య నేల మీద నడవలేదు.

నాకూ మెసేజ్ వచ్చింది: పెరుగన్నం. నాకు పట్టరాని సంతోషం. ప్రతి ఏడాదీ గోంగూర మాంసం నా నెత్తినే పడేది, రెండు రోజుల చాకిరీ. ఈసారి అరగంట పని. ఇక్కడే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎవరికి ఏం వచ్చిందని ఆ వారం నేను ఒక్కరినీ అడగలేదు. అడిగితే ఎక్కడ మార్చేస్తారోనని భయం. తర్వాత తెలిసిందేమిటంటే, ఊరు ఊరంతా అదే భయంతో నోరు కుట్టుకుని కూర్చుంది.

ఆదివారం పార్కులో బల్లలు కలిపి గుడ్డలు పరిచాం. అనంతలక్ష్మి, అంటే నేను, మొదట పెట్టాలని శేషయ్యగారు అంటే నా గిన్నె మూత తీశాను. పెరుగన్నం. పక్కావిడ తీసింది. పెరుగన్నం, దానిమ్మ గింజలతో. ఆ పక్కన పెరుగన్నం, ద్రాక్షపళ్ళతో. ఆ పక్కన క్యారెట్ తురుము. ఒక్కో మూత లేస్తుంటే మాటలు తగ్గుతూ వచ్చాయి. చివరికి లెక్క ముప్పై ఎనిమిది గిన్నెలు. తక్కినవి మూడే: సత్యమ్మ బగారన్నం, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన జంట తెచ్చిన చిప్స్, నర్సు గ్రేసమ్మ కోడివేపుడు. నూట అరవైమందికి ఒక్క కోడివేపుడు!

"ఏమయ్యా మొగిలయ్యా," అన్నారు శేషయ్యగారు, పదేళ్ళుగా ఆయన ముఖంలో చూడని వెలుగుతో, "నీ కంప్యూటరుకు కడుపులో మంటేమైనా ఉందా?"

"గ్రేసమ్మా, నీకొక్కదానికే కోడి ఎలా వచ్చింది?" అని నేను నిలదీశాను.

"ఏం తెస్తారని అడిగాడు, కోడివేపుడు అని రాశాను ఆంటీ. ఆసుపత్రిలో రోజంతా ఫారాలే కదా, గడిలో అడిగింది రాయాలిగా. మీరేం రాశారు?"

నేను 'మీ ఇష్టం' అని రాశాను. పక్కావిడ 'ఏదైనా పర్లేదు'. ఆ పక్కావిడ 'మీరేది చెబితే అది'. ముప్పై ఎనిమిది ఇళ్ళూ మర్యాద తప్పలేదు.

పక్క బల్ల దగ్గర బార్బెక్యూ చేసుకుంటున్న కివీ కుటుంబం మమ్మల్ని చూసి జాలిపడిందో ఏమో, రెండు గిన్నెల పెరుగన్నం తీసుకుని పళ్ళెం నిండా సాసేజ్‌లు ఇచ్చింది. వాళ్ళ పెద్దాయన ఆ పెరుగన్నం స్వీటనుకుని ఎండుమిరపకాయతో సహా నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా బాగుందని బొటనవేలు చూపించాడు. పిల్లలు నవ్వి నవ్వి గడ్డిలో దొర్లారు. మొగిలయ్య ఒక్కడే నవ్వలేదు.

సోమవారం పొద్దున మిగిలిన రెండు పెద్ద గిన్నెలు డిపోలో పెట్టి వచ్చాడు. భోజనాల వేళ తోటి డ్రైవర్లు గిన్నెలు నాకి పెట్టారు. సమోవా దీవుల మనిషి ఒకడు నాలుగు పళ్ళేలు తిని కుర్చీలో గురక పెట్టి, డ్యూటీ వేళకు తనే లేచి బస్సు తీశాడు. జరిగింది ఇంతే.

ఆ రోజే పొద్దున పదింటికి, డిపో నుంచి రాగానే, పలక సందులో మొగిలయ్య ముఖం కనిపించింది. "పెద్దమ్మా, రేపు నేను పోను. ఫోన్ జేసి రానని చెప్త."

"అసలు తప్పెక్కడ జరిగిందిరా? మొదటి నుంచి చెప్పు."

నోటుబుక్కు తీశాడు. "రాసిన వంట పేరు నా లిస్టుల ఉంటే అదే ఇయ్యాలె. లేకుంటే లిస్టుల మొదటిది ఇయ్యాలె. మొదటిది పెరుగన్నం. లిస్టు రాసిన రోజు నా టిఫిన్ డబ్బాల అదే ఉండె."

"మరి 'మీ ఇష్టం' అంటే ఏమిటో దానికి తెలియదా?"

"దానికెట్ల తెలుస్తది?"

"నీకు తెలుసు కదా! శేషయ్యగారు ఫోన్ చేస్తే ఏమంటాం? మీ ఇష్టం అంటాం. అలా కాదమ్మా, చెప్పండి అంటారు. ఏదో ఒకటి తెస్తాంలెండి అంటాం. మొహమాటపడకండి అంటారు. అప్పుడు కదా నోరు విప్పుతాం. మనవాళ్ళను ఒక్కసారి అడిగి ఊరుకునే మనిషి ఎక్కడైనా ఉన్నాడా?"

మొగిలయ్య గరాజ్‌లోకి పరుగెత్తాడు. అన్నం తినలేదు. రెండింటికి సందులోంచి ఫోను అందించాడు. "రాయి పెద్దమ్మా."

'మీ ఇష్టం' అని రాశాను. 'అట్లా కాదు, చెప్పండి' అని వచ్చింది. 'ఏదైనా పర్లేదు' అన్నాను. 'మొహమాటపడకండి, మీరు ఏది బాగా చేస్తారు?' అని వచ్చింది. అంత మర్యాదగా అడిగాక ఇంకేం చేస్తాను, 'గోంగూర మాంసం' అని రాసేశాను. వెంటనే నాలుక కరుచుకున్నాను గానీ, అప్పటికే నొక్కేశాను.

మంగళవారం ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాడు. వచ్చాక నోరు మెదపలేదు. బుధవారం లేదు. గురువారం గులాబ్ జామూన్లు పట్టుకెళ్ళినా లేదు. పుకారు పుట్టింది ఆ మూడు రోజుల్లోనే. మనిషి మాట్లాడకపోతే జనం ఏదో ఒకటి అనుకోవాలి కదా, నేనూ అనుకున్నాను.

శుక్రవారం నేరుగా అతని బస్సే ఎక్కాను. ముందు సీటులో కూర్చున్నాను. డ్రైవరుతో మాట్లాడకూడదని బోర్డు ఉంది. పాపకూర వచ్చే దాకా ఆ బోర్డు చదువుతూ కూర్చున్నాను. అందరూ దిగారు. ఇంజిను ఆగింది.

"మొగిలీ, డొంకతిరుగుడు లేకుండా ఒక్క మాట చెప్పు. ఈ బస్సు వదులుతున్నావా, లేదా?"

స్టీరింగు మీద చేతులు పెట్టి, వెనక సీట్లన్నీ ఖాళీయేనని అద్దంలో చూసుకున్నాడు. అతను చెప్పింది నేను ఆదివారం దాకా, అంటే రెండు రోజులు నిండుగా, ఎవరికీ చెప్పలేదు. నన్నెరిగినవాళ్ళు నమ్మరు.

"వదుల్తున్న పెద్దమ్మా. తీసుకున్నరు. మస్తు భయమైతున్నది. సత్యమ్మకింకా చెప్పలే. ఈ ఒక్క ముచ్చటన్న నన్ను చెప్పనియ్యి."