నామినీ గడిలో అక్క పేరు

నేను ఏఎన్ఎంగా ఉద్యోగంలో చేరడానికి కనిగిరి వెళ్లిన రోజు అక్క కూడా నాతో వచ్చింది. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. అమ్మానాన్నా నా చిన్నప్పుడే పోయారు. నన్ను పెంచిందీ, నర్సింగ్ చదివించిందీ అక్కే. దాచేపల్లి దగ్గర మా ఊళ్లో మిరపకోతలకు వెళ్లేది. పెళ్లయిన కొన్నాళ్లకే బావ పోతే తిరిగి మా ఇంటికి వచ్చేసింది. మళ్లీ పెళ్లి మాట ఎవరెత్తినా లేచి బయటికి వెళ్లిపోయేది.

ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ గారు నా చేత పింఛను కాగితాలు నింపించారు. మా బ్యాచ్ వాళ్లకు పాత పింఛను లేదు, సీపీఎస్. నెలనెలా జీతంలోంచి మన వాటా కోస్తారు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. రిటైరయ్యేదాకా అదంతా మన పేరున ఒక ఖాతాలో పెరుగుతూ ఉంటుంది.

"నామినీ ఎవరమ్మా?" అని అడిగారాయన.

"మా అక్కండి" అన్నాను గొప్పగా.

పక్కన నిలబడ్డ అక్క, "నామినీ అంటే ఏందండీ?" అంది.

"ఈ అమ్మాయికి ఏదన్నా జరిగితే ఆ డబ్బు ఎవరికివ్వాలో రాసుకుంటామమ్మా."

అక్క ముఖం మాడిపోయింది. "పిల్ల ఇయ్యాలే గదండీ చేరింది! మొదటిరోజే అదేం మాట?"

ఆయన నవ్వి, తన కాగితాల్లో కూడా ఆ గడి ఉందని చెప్పారు. అక్క నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది గాని, నాతో పెద్దగా మాట్లాడలేదు. ఆయన మీద కోపమనుకున్నాను. నాకు మాత్రం లోపల ఎంతో తృప్తిగా ఉంది. అప్పటికి అక్కకి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ప్రభుత్వం కాగితంలో నా పేరు పక్కన అక్క పేరు ఉంది, అది చాలనిపించింది.

తర్వాత నాకు పెళ్లయింది. మా ఆయన చీరాలలో పవర్‌లూమ్‌లు రిపేరు చేస్తాడు. పాప పుట్టాక నేను చీరాల దగ్గరి ఆసుపత్రికి బదిలీ చేయించుకున్నాను. ఇన్నేళ్లలో నామినీ సంగతి మళ్లీ నాకు గుర్తుకే రాలేదు.

బదిలీ అయిన కొత్తలో జీతంలో కోత పడుతోంది గాని ఆ వాటా నా పింఛను ఖాతాలో కనపడలేదు. ఆఫీసుకి వెళ్లి అడిగాను. అక్కడ పని చేసే అమ్మాయి నాకంటే చిన్నది. కంప్యూటర్‌లో చూసి, "ఖాతా ఇంకా పాత ఆఫీసు కిందే ఉంది మేడమ్, మారిస్తే సర్దుకుంటుంది" అంది. అన్నట్టే సర్దుకుంది. కాని ఆ రోజే ఇంకోమాట కూడా అంది.

"మేడమ్, మీకు పెళ్లయింది కదా, నామినీ ఇంకా మీ అక్కగారే ఉన్నారు. పెళ్లితో పాత నామినేషన్ చెల్లదండి. కుటుంబంలో వాళ్లనే పెట్టాలి."

"మా అక్క మా కుటుంబమేనమ్మా."

ఆ అమ్మాయి కంప్యూటర్ మీంచి చూపు తిప్పి నా వైపు చూసింది. "నిజమే మేడమ్. కానీ ఈ రూల్లో అక్కాచెల్లెళ్లు రారండీ" అంది మెల్లగా.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "నా పేరెందుకు? వదిన పేరే ఉండనీ" అన్నాడు. కుదరదని చెప్పాక, "అయితే ముందు వదినకి నువ్వే స్వయంగా చెప్పు. ఫోన్లో వద్దు" అన్నాడు.

ఆ వారమూ, మరుసటి వారమూ ఏదో ఒక డ్యూటీ సాకు పెట్టుకున్నాను. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి, నరసరావుపేటలో బస్సు మారి ఊరికి చేరాను. అక్క చర్చి నుంచి వచ్చి, అప్పుడే కళ్లంలో పనికి కూర్చుంది. ఎండబెట్టిన మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన పోస్తోంది. నన్ను చూసి లేచి, వేళ్లకి మిరపమంట ఉంటుందని మణికట్టుతో నా చెంప నిమిరింది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేందే? పాప బాగుందా?"

"బాగుందక్కా. నీతో ఒక మాట చెప్పాలని వచ్చా."

ఎలాగో చెప్పేశాను. నీ పేరు తీసేయాల్సి వస్తోందక్కా, పెళ్లయ్యాక కుటుంబంలో వాళ్లే ఉండాలని రూలు, నా చేతుల్లో లేదు అంటూ తల వంచుకున్నాను. తలెత్తి చూస్తే అక్క కళ్లనిండా నీళ్లు. కానీ నవ్వుతోంది.

"అమ్మయ్య! తీసేయించవే తల్లీ, రేపే తీసేయించు. ఆ రోజు నుంచీ నా గుండెల మీద బండ అది. నీకేదన్నా అయితే నాకు డబ్బులా? ప్రతి ఆదివారం ప్రార్థనలో అదే అడుగుతున్నా. ప్రభువా, ఆ డబ్బు నా చేతికి రానీయొద్దు అని. నీతో చెబితే బాధపడతావని ఊరుకున్నా."

నేను ఇన్నేళ్లూ కానుక అనుకున్నది అక్కకి ఇంత భయమని నాకు తెలియదు. నేనూ పక్కన కూర్చుని తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాను. "నీకెందుకే, చేతులు మండుతయ్" అని కసిరింది గాని ఆపలేదు.

చాలాసేపటికి, నా వైపు చూడకుండా అడిగింది. "అయితే ఆ లెక్కన నేను మీ కుటుంబం కాదా?"

"ఆ రూలుకి నువ్వెవరో తెలీదక్కా. కోతలైపోయాక మా ఇంటికొచ్చెయ్. మీ మరిది కూడా అదే చెప్పమన్నాడు."

"రమ్మనగానే వచ్చేదానికి నాకేం పనుల్లేవనుకున్నావా?" అంది.

చీరాల తిరిగొచ్చాక మా ఆయన పేరూ పాప పేరూ నామినీలుగా పెట్టాను. ఎండాకాలంలో అక్క వచ్చింది. ఉప్పుగాలి పడదనీ, కారం గడ్డకడుతోందనీ గొణిగి నెల తిరక్కుండా ఊరెళ్లిపోయింది. మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. ఈసారి పాపని బడికి దింపడం తన పనిగా పెట్టుకుంది, ఇక వెళతానన్న మాట ఎత్తలేదు.

ఇప్పుడు జీతం పడిన వారంలో డ్యూటీ నుంచి రాగానే కాఫీ ఇచ్చి అడుగుతుంది. "ఈ నెల వాటా పడిందా?" పడిందని ఫోన్లో మెసేజ్ చూపిస్తాను. అక్కకి చదవడం రాదు. అయినా ఫోను చేతిలోకి తీసుకుని శ్రద్ధగా చూస్తుంది.

"పెరగనీ. నువ్వు తలంతా నెరిసిన ముసల్దానివై, కాలు మీద కాలేసుకుని నీ చేత్తో తినాలి ఆ డబ్బు" అంటుంది.

"నువ్వూ తింటావుగా అక్కా" అంటే, "పెడితే తిననా?" అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది.