కోరా గుడ్డ మీద నాలుగు సువార్తలు

మా పిన్నికి ఏదైనా పిచ్చి పట్టిందంటే వీధి వీధంతా తెలిసిపోతుంది. ఈసారి పట్టింది చదువు పిచ్చి. పరదాలూ దిండు గలేబులూ కుట్టుకుంటూ హాయిగా బతుకుతున్న మనిషి, యాభై దాటాక సాయంత్రం కాలేజీలో చేరింది. సువార్తలు ఎప్పుడు రాశారు, ఎవరిది చూసి ఎవరు రాశారు, చేత్తో ఎత్తిరాసిన పాత ప్రతుల్లో తేడాలెందుకొచ్చాయి అన్నది అక్కడి పాఠం. మొదటి క్లాసు అవగానే నేరుగా మా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "నాలుగింట్లో మార్కుదే మొదటిదట తెలుసా! ఇంకో ఇద్దరు దాన్ని ముందు పెట్టుకునే రాశారట!" అంది. ఎదురింటి గుట్టేదో బయటపెడుతున్నంత సంబరం ఆ మొహంలో.

అమ్మ మొహం మాత్రం ముడుచుకుపోయింది. అమ్మ పిన్నికి సొంత అక్క. మా చర్చిలో ఆదివారం వాక్యం చదివేది అమ్మే.

"దేవుడి మాటకి కొలతలు తీస్తావా నువ్వు?" అంది.

"కొలత తియ్యకుండా నేనేదీ ముట్టుకోను కదక్కా!"

నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. అమ్మ అలక సామాన్యమైనది కాదు. ఒకసారి కుక్కరు మూత దగ్గర మాటా మాటా వచ్చి, ఏడాది పాటు పిన్నితో మాట్లాడలేదు. పిన్ని పెళ్ళి చేసుకోలేదు, వేరే తోబుట్టువులూ లేరు. పొద్దున్నే అక్క గొంతు వినకపోతే ఆమెకు ముద్ద దిగదు. ఆ ఏడాదంతా మనిషి సగమైపోయింది.

నాలుగు సువార్తల్నీ పక్కపక్కన పెట్టి అడ్డంగా చదవండి, తేడాలు వాటంతటవే కనిపిస్తాయి అని మాస్టారు చెప్పారట. క్లాసులో మిగతావాళ్ళు కాగితం మీద గళ్ళు గీసుకున్నారు. మా పిన్ని పాత పుస్తకాల కొట్లో ఒక బైబిలు కొని, కటింగ్ బల్ల మీద కోరా గుడ్డ పరిచి, కత్తెర తీసింది. మార్కు ముక్కలు ఒక వరస, లూకా ముక్కలు ఒక వరస, గుండుసూదులతో గుచ్చేసింది. ఒకే మాట రెండుచోట్ల ఉంటే నీలం సుద్దతో గీత, ఒక్కచోటే ఉంటే ఎర్ర సుద్ద. సగం పనయ్యాక గానీ ఆమెకు తట్టలేదు, కాగితానికి వెనకవైపు కూడా అక్షరాలుంటాయని! జన్మంతా ఒకవైపే డిజైనున్న గుడ్డలు కత్తిరించిన చెయ్యి కదా మరి. వెనక కథలన్నీ నడుముకి తెగిపోయి ఉన్నాయి.

మళ్ళీ కొట్టుకి పరుగెత్తి అచ్చం అలాంటిదే ఇంకోటి తెచ్చింది. తెచ్చి బల్ల మీద పెట్టి, నాకు ఫోను చేసి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పాత ప్రతుల గొప్పలు చెబుతూ చెబుతూ కత్తిరించి గుచ్చడం మొదలుపెట్టింది. కత్తెర చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఒసేయ్," అంది పిన్ని, నీరసంగా. "దీంట్లో పెన్సిలు గీతలున్నాయే."

ఆ బల్ల మీదే అమ్మ బైబిలు కూడా ఉంది. అట్ట ఊడిపోతే, గుడ్డ తొడుగు కుట్టమని అమ్మ ఇచ్చింది.

నేను వెళ్ళేసరికి పిన్ని బల్ల కింద కూర్చుని ఉంది. "మళ్ళీ ఏడాదంటే నావల్ల కాదే" అని ఏడుస్తోంది, మధ్యలో ఆపుకోలేక నవ్వుతోంది కూడా. అమ్మ చూసినా ఉత్త పరదా అనుకుంటుందని, ఇద్దరం కలిసి ఆ గుడ్డని కిటికీకి వేలాడదీశాం. ఇంతకన్నా తెలివైన ఉపాయం మాకు తోచలేదు. అంతలో బైబిలు తీసుకెళ్ళడానికి అమ్మ రానే వచ్చింది. పరదా వంక చూసి, దగ్గరికెళ్ళి, తన పెన్సిలు గీత తను గుర్తుపట్టింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అది మరీ భయం.

తన గీత ఎక్కడిదో చూసుకోవడానికి వరస వెంబడి చదువుతూ పోయింది. సమాధి దగ్గరికి ఆడవాళ్ళు వెళ్ళిన ఘట్టం అది. ఒకరి లెక్కలో ఒక్కర్తే వెళ్ళింది, ఇంకొకరి లెక్కలో ఇద్దరు, మరొకరి లెక్కలో ముగ్గురు. అమ్మ వేలు పక్కకి జరుగుతోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది. చివరికి నావైపు తిరిగింది.

"మీ పిన్నిని అడుగు. మార్కులో వీళ్ళు భయపడి ఎవరికీ చెప్పలేదనుంది. మరి ఎవరూ చెప్పకపోతే మనదాకా ఎలా వచ్చింది?"

పిన్ని నా పక్కనే, మూరెడు దూరంలో ఉంది. "అమ్మకి చెప్పు," అంది, "మాస్టారు కూడా ఇదే అడిగారని! అన్నిటికన్నా పాత ప్రతులు అక్కడితో ఆగిపోతాయట. తర్వాతి మాటలు ఎవరో చేర్చారని చాలామంది పండితులు అంటారట. అందుకే వాటిని విడిగా పసుప్పచ్చ ముక్క మీద గుచ్చానని చెప్పు."

అలా చీకటి పడేదాకా నన్ను మధ్యలో పెట్టి ఇద్దరూ వాదించుకున్నారు. నా మెడ పట్టేసింది. వెళ్ళేముందు అమ్మ నాతోనే అంది: "రేపు చదవాల్సింది ఈ ఘట్టమే. ఇంకోళ్ళ బైబిల్లో నేను చదవను. ఆ గుడ్డ పట్టుకుని చర్చికి రమ్మను."

మర్నాడు పిన్ని నిలువెత్తు గుడ్డని రెండు చేతులా పైకెత్తి వేదిక పక్కన నిలబడింది. సుద్ద మరకలు, సూదుల మెరుపు, వెనక బెంచీల్లో కిసకిసలు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అమ్మ గొంతు సవరించుకుని మార్కు వరస చదివింది. ఆడవాళ్ళు భయపడి పారిపోయినచోట ఆగిపోయింది. పసుప్పచ్చ ముక్క జోలికి పోలేదు.

అందరూ ఎదురుచూస్తున్నారు. "ఇంకా ఉంది కదమ్మా?" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

"అన్నిటికన్నా పాత ప్రతుల్లో ఇక్కడితో అయిపోతుందండి."

"ఎవరు చెప్పారు?"

"మా చెల్లెలు" అంది అమ్మ, ఆఖరి బెంచీకి వినిపించేలా.

గుడ్డ వెనక పిన్ని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. గుడ్డ ఒక పక్కకి ఒరిగిపోయింది. అమ్మ చటుక్కున అటు తిరిగింది.

"ఏమిటే ఆ ఊగడం? సరిగ్గా పట్టుకో, లూకాది కూడా చదవాలి."