రాజమణి మేడం షెడ్డు

మొన్న లింగంపల్లి స్టేషన్ బయట, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. రాజమణి మేడం గుర్తొచ్చారు. తొంభైల చివర్లో ఆమె షెడ్డులో ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి నేను టీవీ బోర్డులకు తీగలు అతికించేదాన్ని. పది చదివి మెదక్ జిల్లా నుంచి వచ్చిన నన్ను పనిలో పెట్టుకుని, ఇంటర్ పరీక్షకు ఫీజు కట్టించి, కంప్యూటర్ క్లాసుకు పంపింది ఆమే. "చేతులకు పనొచ్చింది, ఇగ తలకు గూడ జర పని చెప్పు" అనేవారు.

ఆ షెడ్డు స్థలం ప్రభుత్వం ఇచ్చిందే. మా బోర్డులు కొనేదీ ప్రభుత్వ కంపెనీయే. విదేశీ టీవీలు వచ్చిపడ్డాక ఆ కంపెనీ మూతపడింది. అదే సమయంలో మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడ లేచింది. రోడ్లు, రాయితీలు అన్నీ అటే. షెడ్డు నిలబెట్టడానికి సాయం అడుగుదామని మేడం నన్ను వెంటబెట్టుకుని పరిశ్రమల ఆఫీసుకు వెళ్లారు. అధికారి మర్యాదగానే మాట్లాడాడు.

"ఇది సాఫ్ట్‌వేర్ కాలమండి. మీ యూనిట్‌ను ఇంకెన్నాళ్లు మోస్తామండి? అక్కడ వేలమంది పిల్లలకు ఉద్యోగాలొస్తాయి."

"రానీయండి సార్, మంచిదే. నా ఆడోళ్లు ఇంకో పని నేర్చుకునేదాకన్న ఆగుండ్రి."

"దానికి మా దగ్గర స్కీమేం లేదండి."

షెడ్డుకు తాళం వేసినరోజు, మా అందరిలో పెద్దదైన లక్ష్మమ్మ ఆ మేడ వైపు తిరిగి శాపనార్థాలు పెట్టింది. మేడం ఆపారు. "తిట్టకు లక్ష్మమ్మా. మనకు గీ జాగ ఇచ్చిననాడు గూడ ఎవరిదో జొన్నచేను పోయింది. వాళ్లేమైండ్రని మనం అడిగినమా?"

నాకు ఆ మేడలోనే డేటా ఎంట్రీ పని దొరికింది. నా జీతంతో చెల్లెలు నర్సింగ్ చదివింది. లక్ష్మమ్మ అక్కడే ఊడ్చే పని అడిగితే వయసు చూసి పంపేశారు. ఆ మేడకు పోయే దారిలోనే రోడ్డు పనికి కంకర మోస్తూ, ఎండదెబ్బకు పడిపోయి, దవాఖానకు చేరేలోపే పోయింది.

అంత్యక్రియల దగ్గర, ఇక ఆ ఉద్యోగం చేయలేనని మేడంతో అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "పాగల్ లెక్క మాట్లాడకు. నీకు దొరికింది నిలబెట్టుకో. నీకు మంచి జరిగిందని చెప్పినప్పుడల్లా, లక్ష్మమ్మకు ఏమైందో గూడ చెప్పు."

మేడం కూడా పోయి చాలా ఏళ్లయింది. ఫలానా చోట కొత్త పరిశ్రమ వస్తోందంటే నేను నిజంగానే సంతోషిస్తాను. మా ఇంటిలాంటి ఇల్లు ఇంకొకటి నిలబడుతుంది. ఆ వెంటనే, ఇప్పుడక్కడ బతుకుతున్నవాళ్లు ఎక్కడికి పోతారని అడుగుతాను. ఇంట్లోవాళ్లే విసుక్కుంటారు. అయినా అడుగుతూనే ఉన్నాను.