వలతాడు కట్టిన కాయిల్

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు సర్వీస్ సెంటరుకు ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా మారిన మొదటి మే నెలలో, కొల్లేటికోట దారిలో ఒక పెట్రోలు కారు కుదుపులతో ఆగిపోయిందని ఫోను వచ్చింది. ఇగ్నిషన్ కాయిల్ పోయి ఉంటుందని ఫోనులోనే చెప్పి, కొత్తదొకటి పట్టుకుని బయలుదేరాను. స్పార్క్ ప్లగ్గుకు కరెంటు అందించేది ఈ కాయిలే. సిలిండరుకొకటి చొప్పున, ప్లగ్గు నెత్తిన టోపీలా కూర్చుంటుంది.

నేను వెళ్ళేసరికి కారు యజమాని, చేపల చెరువు సత్యనారాయణగారు, ఆయన బావమరిది కాయిల్‌కు వలతాడు బిగించి, బంపరుకు కాలు తన్నిపెట్టి, హైలెస్సా అంటూ లాగుతున్నారు. ఇంజిన్ నిప్పులా ఉంది.

"ఆగండాగండి! బోల్టు విప్పకుండా లాగితే ఇంజినంతా పైకొచ్చేస్తుందండీ!"

"రానివ్వండి! వెనక సీటు చూశారా?" అన్నారాయన.

చూశాను. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో చేపపిల్లలు. ఏసీ ఆగిపోయింది. నీళ్ళు వేడెక్కితే చెరువులో వదలడానికి ఒక్కటీ మిగలదు.

కానీ వేడి మీద కాయిల్ లాగితే దాని రబ్బరు తొడుగు ప్లగ్గుకు అంటుకుని, తెగి లోపలే ఉండిపోతుంది. చల్లారాలన్నాను.

"మీ ఇంజిన్ చల్లారేలోగా నా పిల్లలు పులుసైపోతాయండీ!"

పక్కనే కాలువ. సంచులు విప్పకుండా నీళ్ళలో తేలేసి పట్టుకోమన్నాను. చెరువులో వదిలేముందు నీళ్ళ వేడి సమం కావడానికి వాళ్ళెలాగూ చేసే పనే అది. ఇద్దరూ నడుములోతు దిగి, చంకకో సంచితో నిలబడ్డారు. దారినపోతున్న ఒకావిడ ఆగి, "ఏవండీ, ఏ దేవుడి మొక్కండీ ఇది?" అని అడిగింది.

"కారు మొక్కమ్మా!" అన్నాడు బావమరిది.

స్కానరు పెడితే, పోయింది మూడో కాయిల్. వీళ్ళు తాడు కట్టింది బాగున్న మొదటిదానికి. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీశాను. కనెక్టరు లాక్ జరిపి, నొక్కి, వైరు లాగకుండా ఊడదీశాను. పది నంబరు బోల్టు విప్పి, కాయిల్‌ను కుడికి కాస్త, ఎడమకు కాస్త తిప్పి, రబ్బరు పట్టు వదిలాకే నిటారుగా పైకి తీశాను. స్క్రూడ్రైవరుతో ఎగదోస్తే ప్లాస్టిక్ విరుగుతుంది.

కొత్తది వేసి, బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయగానే ఇంజిన్ నున్నగా పలికింది. సంచుల్లో పిల్లలన్నీ వరుసకట్టి నాకు సెల్యూట్ కొట్టాయంటే మీరు నమ్మరు. బావమరిది సాక్షి; అయితే కోతల్లో అతను నన్ను మించినవాడు.

రిటైరయ్యేదాకా, బ్రేక్‌డౌన్ ఫోను వస్తే బండి మోడల్ కన్నా ముందు లోపల ప్రాణంతో ఏమున్నాయో అడిగేవాణ్ణి. ఇంజిన్ చల్లారేదాకా యజమాని చేతులకు వేరే పని అప్పజెప్పడం కూడా కాయిల్ తీసే పద్ధతిలో భాగమే. మాన్యువల్లో అది రాయరు.