పాలు ఇంకిపోవాలని కట్టిన మల్లెలు

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు నవ్వు. ఆళ్లగడ్డలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆయాగా పనిచేశాను. పుట్టిన బిడ్డల్ని తుడిచాను, పోయినవాళ్లకు నీళ్లూ పోశాను. అలాంటివి నిజంగా ఉంటే మొదట నాకే కనిపించి ఉండాలి. కాబట్టి ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా అమ్మాయి రమకు ఏడో నెలలోనే కాన్పయింది. మగబిడ్డ. దోసిట్లో పట్టేంత ప్రాణం. నంద్యాలలో ఒక పిల్లల ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. అల్లుడు అక్కడే కాపలా ఉన్నాడు. కుట్లతో ఉన్న బాలింతకు అక్కడ చోటు లేక నేను ఆళ్లగడ్డకు తెచ్చుకున్నాను. రోజూ పాలు పిండి సీసాలో పంపితే, సన్నటి గొట్టంతో బిడ్డకు పట్టేవాళ్లు.

ఎనిమిదో రోజు బిడ్డ పొట్ట ఉబ్బింది. పాలు ఆపేశారు. ఆశ తక్కువని డాక్టరు చెప్పాడంటూ అల్లుడు ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చాడు. రమకు చెప్పొద్దన్నాడు. ఇంతకుముందు పంపిన పాలే ఇంకా ఉన్నాయంట, ఇప్పుడు పంపక్కర్లేదని రమకు సర్దిచెప్పాను.

ఇక్కడ రమకు రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. చలిజ్వరం పట్టుకుంది. పిండి పారబోస్తే మళ్లీ ఊరతాయి. బిడ్డ పోయిన తల్లికి పాలు ఇంకిపోవాలని మా వైపు రొమ్ముల మీద మల్లెపూలు కడతారు. ఆ పూలకు పాలు ఊరించే హార్మోను తగ్గుతుందని మా డాక్టరమ్మ కూడా ఒకసారి చెప్పింది. మనవడు ఎలాగూ దక్కడు, కూతురినైనా కాపాడుకుందామనుకున్నాను. వాడు బతికుండగానే కట్టాను.

"ఏందిమ్మా ఈ పూలు?" అంది రమ.

"గడ్డలు కరగతాయిలే. సుమ్మనుండు."

రమ నమ్మింది. రెండో రోజుకు గడ్డలు మెత్తబడ్డాయి, జ్వరం తగ్గింది.

మూడో రోజు పొద్దున వరండాలో కూర్చొని మళ్లీ పూలు కడుతున్నాను. జాకెట్టు తడిగా తగిలింది. చెమటనుకున్నాను. కొంగుతో తుడుచుకుంటే పచ్చి పాల వాసన. నాకప్పుడు యాభై నాలుగేళ్లు. ముట్లు ఆగి ఆరేళ్లు. రమ పాలు మానిన తర్వాత నా ఒంట్లో పాల చుక్క ఎరగను. గోడ గడియారం చూశాను. పదకొండు దాటి పది నిమిషాలు.

భయమేసింది. బిడ్డ పోయాడేమోననే మొదట అనుకున్నాను. అల్లుడికి ఫోన్ చేస్తే కలవలేదు. లోపలికి పరుగెత్తి రమకు కట్టిన పూలన్నీ పీకి పారేశాను.

"పాపా, లెయ్. నంద్యాలకు పోదాం."

"ఏమైందిమ్మా? బిడ్డకేమన్నా అయిందా?"

"ఏం కాలా. వానికి ఆకలైతాందంట. బేగా లెయ్."

ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో తెలియదు. నాకెవరూ చెప్పలేదు.

పక్కింటాయన కారులో బయల్దేరాం. దారంతా నా రొమ్ములు కారుతూనే ఉన్నాయి. రమకు కనపడకుండా తువ్వాలు మడిచి పెట్టుకున్నాను. ఆసుపత్రిలో అల్లుడు ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ జేబులో పెట్టుకొని కింద వరండాలో కూర్చునే నిద్రపోతున్నాడు. పైన నర్సు మాత్రం మమ్మల్ని చూసి ఎదురొచ్చింది.

"ఎంతసేపట్నుంచి మీ అల్లునికి ఫోన్ చేస్తాండాం, కలవదేందమ్మా? పొట్ట తగ్గింది. పదకొండింటికి సార్ చూసి పాలు మొదలుపెట్టమన్యాడు. అప్పట్నుంచి నోరు తెరుస్తాండాడు. పాలు యాడ?"

పాలెక్కడివి? నేనే ఎండగట్టాను. రమ గంటసేపు పిండుకున్నా చుక్క రాలేదు. "నాకెందుకు రావడం లేదుమ్మా?" అని నన్నే అడిగింది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. పక్కనే నిలబడ్డ నాకేమో తువ్వాలు తడిసిపోతోంది. నావి ఇవ్వనా అని నోటిదాకా వచ్చింది. అడిగితే అన్నీ చెప్పాల్సి వస్తుందని మింగేశాను. అంత పిరికిదాన్ని.

నర్సు బిడ్డను తెచ్చి రమ ఒంటికి ఆనించి పడుకోబెట్టింది. సాయంత్రం నాలుగింటికి పసుపుపచ్చగా ఒక చుక్క వచ్చింది. తర్వాత రెండు. నర్సు వాటిని సిరంజిలోకి తీసుకుంది. నేను గోడవైపు తిరిగి జాకెట్టు తడుముకున్నాను. కారడం ఆగిపోయింది. ఆ తర్వాత ఏనాడూ ఒక్క చుక్క రాలేదు.

తర్వాత మా డాక్టరమ్మ నాకు రక్తపరీక్ష, స్కానింగ్ చేయించింది. అన్నీ మామూలే. దిగులుకు ఒక్కోసారి హార్మోన్లు అటూ ఇటూ అవుతాయంది. సరే, మరి పదకొండింటికే ఎందుకొచ్చాయి, నాలుగింటికే ఎందుకు ఆగాయి అని అడిగాను. కాగితాలు మళ్లీ మొదటినుంచి తిరగేసింది.

మనవడికి ఇప్పుడు నాలుగేళ్లు. వెధవ, ఒక్కచోట నిలవడు. రమ మళ్లీ కడుపుతో ఉంది. పోయిన వారం నా పక్కన కూర్చొని, "మ్మా, ఈసారి గడ్డలు కడితే ముందే పూలు కట్టు. అప్పుడు బాగా కరిగినాయి" అంది. ఊఁ అన్నాను. అప్పటినుంచి ముద్ద దిగడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. రమ చదువుతుంది, చదవనీ.

ఆ పాలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. పూలు ఎందుకు కట్టానో మాత్రం తెలుసు. పాపా, అవి గడ్డలకు కాదు.