వెనక పేజీలో జవాబు

“సదువు చెప్పిన సారుకే పరీక్ష పెడ్తవార, సమదూ?”

“జిల్దు కడ్త సార్, ఫికర్ చెయ్యకున్రి. ముందుగాల గా లెక్క చెయ్యున్రి.”

జహీరాబాద్ బజారులో పాత పుస్తకాలకు అట్టలు వేసి జిల్దులు కుట్టే అబ్దుల్ సమద్‌కు ఒక అలవాటు. ఏ లెక్కల పుస్తకమైనా వెనక నుంచి తెరుస్తాడు. జవాబుల పేజీ మీద మైదా లయి జిగురు అంటిన వేలు ఆనించి, ఒక్కో లెక్కా మనసులో చేసి చూస్తాడు. నలభై ఏళ్లుగా ఒక్క పుస్తకం కోసమే ఆ వెతుకులాట. ఈరోజు దాన్ని జగన్‌మోహన్ సారే తెచ్చాడు, మనవరాలికి ఇస్తానంటూ. సమద్ ఐదో తరగతిలో ఉన్నప్పుడు సారు అందులోంచే చెప్పేవాడు. ఆరుగురు పన్నెండు రోజుల్లో తవ్వే బావిని నలుగురు ఎన్ని రోజుల్లో తవ్వుతారు? సమద్ పద్దెనిమిది అన్నాడు. వెనక పేజీలో పదహారని అచ్చయింది. గంట కొట్టేదాకా సారు అతణ్ని చెవులు పట్టించి కోడిలా ముర్గా వంచాడు. పిల్లలు కోడికూత కూశారు. సమద్ మళ్లీ బడి గడప తొక్కలేదు.

ఇప్పుడు సారు అదే లెక్క రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ పద్దెనిమిదే వచ్చింది.

“పుస్తకంల తప్పు పడ్డదిర,” అన్నాడు మెల్లగా.

సమద్ సూదిలో దారం ఎక్కించి, ఎదురుగా నేల మీద జాగా చూపించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

“నా కుట్టుడు అయ్యేదాక జర ముర్గా వంగున్రి సార్.”