రాజులమ్మ ముడి

కాశీబుగ్గ పరుగు సంఘంలో మేము పదకొండు మందిమి. ఒక లెక్చరరు, ఒక రైల్వే గార్డు, ఒక మందుల దుకాణం ఆయన. మిగిలినవాళ్లం డాక్టరు భయపెడితే పరుగు మొదలుపెట్టినవాళ్లం. రెండువేల ఒకటో సంవత్సరం జనవరిలో ఒక ఉదయం వజ్రపుకొత్తూరు రోడ్డు మీద జీడితోటల మధ్య పరుగెత్తుతుంటే, నెత్తిన చేపల గంప పెట్టుకున్న ఒకావిడ వెనకనుంచి వచ్చి మమ్మల్ని దాటిపోయింది. ఆమె పరుగెత్తడం లేదు. నడుస్తోంది.

“ఏటి బాబూ, ఎవులు తరుముతన్నారు మిమ్మల్ని?”

మా కార్యదర్శి తారకేశ్వరరావు రొప్పుతూ, “ఆరోగ్యం కోసమమ్మా,” అన్నాడు.

“గంపెత్తుకోండి మరి. అదే వొత్తాది.”

ఆమె పేరు రాజులమ్మ. సముద్రం ఒడ్డు పల్లె. భర్త అప్పన్న ఆ పల్లెలో వల కట్టడంలో పేరున్న మనిషి. తొంభై తొమ్మిది తుఫానులో పడవ మీద పడి అతని కుడిచెయ్యి నలిగిపోయింది. వేళ్లు మళ్లీ వంగలేదు. అతను అరుగు మీద కూర్చుని నోటితో చెబుతుంటే, రాజులమ్మ దారం పట్టుకుని ముడులు నేర్చుకుంది. ఆమెది ఎడమచేతి వాటం. అందువల్ల ఆమె వేసే ముడి అందరి ముడిలా కాక అటువైపు తిరిగి బిగుసుకునేది.

“ఇదేటే, ముడి మొకం అటు తిప్పుకుంది?” అని అప్పన్న విసుక్కునేవాడు.

“మొకం ఎటుంటే నీకేటి? పట్టుందా లేదా సూడు.”

బోట్లవాళ్లు మొదట ఆమెకు వల ఇవ్వలేదు. ఆడదాని ముడి అలకు ఆగదన్నారు. “ఊడిపోతే ఆ వల తెచ్చి నా మెడకే సుట్టండి,” అంది. నాలుగేళ్లలో ఒక్క వలా వెనక్కి రాలేదు. పొద్దున్న చేపలు, మధ్యాహ్నం నుంచి వలలు. ఇల్లు అలా నడిచింది.

రెండువేల నాలుగు ఫిబ్రవరిలో మేము ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెట్టాం. కాశీబుగ్గలో మొదలై, తోటల మధ్య ఒక కల్వర్టు దాకా వెళ్లి, తిరిగి రావాలి. అంతకుముందు ఏడాది ఒక చిన్న పరుగు పెడితే కొందరు మధ్యలోనే వెనక్కి తిరిగేశారు. కల్వర్టు దగ్గర చేతికి చీటీ ఇద్దామని తారకేశ్వరరావు అంటుండగా గంపతో అటు వచ్చిన రాజులమ్మ విని నవ్వింది.

“సెమటకి సీటీ ఉంటాదేటి? తాడెయ్యండి.”

అలా ఆమె మా పనిలోకి వచ్చింది. నీలం నైలాను దారంతో నూటనలభై ఉచ్చులు కట్టింది. చేతికి తొడిగి లాగితే బిగుసుకుంటాయి, బ్లేడుతో కోస్తే తప్ప రావు. కల్వర్టు దగ్గర తొడిగేది ఆమె. చివర్లో కోసేదీ ఆమె. దారం కోసేదాకా ఫలితం ఖాయం కాదని నియమం పెట్టాం. బల్ల దగ్గర నంబర్లు రాసే పని నాది.

పరుగుకు షామియానా, బహుమతులు వైకుంఠరావు ఇచ్చాడు. జీడితోటలూ, మూడు మోటారు బోట్లూ ఉన్న మనిషి. రాజులమ్మ చేతికొచ్చే వలల్లో సగం ఆ బోట్లవే. ఆయన కొడుకు గౌరీశంకర్ కూడా పరుగెత్తాడు. మొదట వచ్చిందీ అతనే. మూడు నిమిషాల తర్వాత, పలాసలో పప్పు బస్తాలు మోసే కామేశ్ వచ్చాడు. మొదటివాణ్ణి విశాఖపట్నం పోటీకి సంఘం తరఫున పంపుతామని ముందే చెప్పి ఉన్నాం.

కల్వర్టు దగ్గర చివరివాడు తిరిగాక రాజులమ్మ ఆటోలో వచ్చి, చెంగు దోపుకుని బ్లేడు తీసింది. ముందు గౌరీశంకర్ చెయ్యి చాపాడు. ఆమె ముడిని బొటనవేలితో తిప్పి చూసింది. బ్లేడు పెట్టలేదు.

“ఇది నాను కట్టింది కాదు.”

“ముడి మీద నీ పేరు రాసుందేటే?” అన్నాడు అతను.

“రానోడికి రాసినా ఒకటే, మానినా ఒకటే. కామేశూ, ఇలా రా.”

ఇద్దరి చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించింది. ఆటోలోంచి తెచ్చిన మిగిలిన ఉచ్చులు గుప్పెడు తీసి వాటి ముందు పోసింది. అవన్నీ, కామేశ్ చేతిదానితో సహా, ఒకవైపు తిరిగి ఉన్నాయి. గౌరీశంకర్ చేతిది ఒక్కటే ఇటు తిరిగి ఉంది. అతను కల్వర్టు దాకా వెళ్లలేదని చూసినవాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తారకేశ్వరరావు ఆమె చెవి దగ్గర, “అమ్మా, ఇప్పటికి వదిలెయ్యి. షామియానా ఆయనది,” అన్నాడు.

“షామియానా ఆయనదే. ముడి నాది కాదు.”

వైకుంఠరావు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: “రాజులమ్మా, మా బోట్ల వలలు కట్టుకుని బతుకుతున్నావు. గుర్తుందా?”

“గుర్తుంది బాబూ. ఊడకుండా కట్టి బతుకుతన్నాను. ఇయాల ఇది నాదేనంటే, రేపు సముద్రంలో ఊడిన పెతీ ముడీ నాదే అంటారు.”

“అయితే ఎవడు కట్టాడో చెప్పు!”

ఆమె ఆ ముడిని మళ్లీ ఒకసారి చూసింది. “కట్టినోడు పనోడే. ముడి మంచిదే. నాది కాదన్నాను, ఆ మాట సాలు.”

కామేశ్ దారం కోసి నా వైపు తిరిగింది. “రాయండి బాబూ, ఏటి సూత్తన్నారు?”

రాశాను. కామేశ్ విశాఖపట్నం వెళ్లాడు.

మర్నాటి నుంచి వైకుంఠరావు బోట్ల వలలు ఆమె ఇంటికి రావడం ఆగిపోయింది. రాజులమ్మ గంప బరువు పెంచుకుని, ఇంకో రెండు ఊళ్లు ఎక్కువ తిరిగింది. తప్పు ఒప్పుకుని వలలు తెచ్చుకోమని పల్లెలో పెద్దలు చెప్పిచూశారు. “ఏ తప్పు? పేరెట్టండి,” అంది. ఎవరూ పెట్టలేకపోయారు. వేసవి వేట నిషేధం ముగిశాక, ఆ బోట్లలో ఒకదాన్ని నడిపే తండేలు ఒక వల మోసుకొచ్చి ఆమె వాకిట్లో పడేశాడు.

“మీ బాబు పంపినాడేటి మావా?”

“ఆయన ఒడ్డునుంటాడు. వల సిరిగితే నీళ్లలో ఉండేది నాను,” అన్నాడు. వల మడత విప్పుతూ, “ఆ దినం ఆ ముడి...”

“నీదేనని అప్పుడే తెలుసు. నాలుగేళ్లు నీ ముడుల పక్కన నా ముడులెయ్యలేదేటి? దారం తెచ్చినావా, లేదా?”

ఈ మాటలు తర్వాత అప్పన్నే నాతో చెప్పి నవ్వాడు.

మరుసటి ఏడు మళ్లీ పరుగు, మళ్లీ వైకుంఠరావు షామియానా. ఈసారి కల్వర్టు దగ్గర తన మనుషులు రబ్బరు ముద్ర వేస్తారని ఆయన షరతు పెట్టాడు. మా సంఘం తల ఊపింది. నేనూ ఊపాను. రాజులమ్మకు కబురు పంపలేదు.

పరుగునాడు నీళ్ల డబ్బాలు దింపడానికి తారకేశ్వరరావూ నేనూ కల్వర్టు దగ్గరకు వెళ్లేసరికి, ఆమె అప్పటికే గట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో నీలం ఉచ్చులు.

“అమ్మా, ఈసారి నిన్ను పిలవలేదు కదా,” అన్నాడు తారకేశ్వరరావు నేల చూస్తూ.

“సంఘం నీది బాబూ, పిలవకు. ఈ రోడ్డు మీద నాను గంపతో నడవబట్టి పద్దెనిమిదేళ్లు. ఇక్కడ కూకోడానికి నీ పిలుపేటి?”

ముద్ర వేసే మనుషులు ఆమెకు ఎదురుగా నిలబడ్డారు. పరుగెత్తి వచ్చినవాళ్లు ఒక చెయ్యి ముద్రకు చాపి, రెండో చెయ్యి ఆమె వైపు చాపారని తర్వాత విన్నాను.

నేను బల్ల దగ్గరకు తిరిగొచ్చేశాను. వైకుంఠరావు మనిషి ఒకడు నా కుర్చీ వెనక నిలబడి, ముద్ర చూసి రాయమన్నాడు. మొదటివాడు వచ్చి రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. ఒక చేతి మీద చెమటకు కరిగిన ఊదారంగు మరక. రెండో చేతికి రాజులమ్మ ఎడమవాటం ముడి.

“ముద్ర కనిపించడం లేదు,” అని దారం చూసి నంబరు రాశాను. రెండోవాడిదీ అలాగే రాశాను, మూడోవాడిదీ. వెనకున్న మనిషి ఏదో అంటూనే ఉన్నాడు. అంతలో ఆటో వచ్చి ఆగింది.

“జరుగు బాబూ, ఎలుతురుకి అడ్డం,” అని వాణ్ణి మోచేత్తో తప్పించి, రాజులమ్మ బ్లేడు తీసింది. “ఊఁ, సేతులు సాపండి.”